నదిని ఎవరు కడగాలి

వాషర్‌మెన్‌పేట్,
12 జనవరి 2025

తమ్ముడు కాలేషాకు అక్క ఖాసింబీ సలాం.

కవరు మీద పుళల్ జైలు అని రాయడానికి నా చెయ్యి ఆడలేదు. అడ్రసు మీ బావ చేత రాయించాను. లోపలి గీతలు మాత్రం నావే, నవ్వుకో. ఫోన్‌లో మాట్లాడదామంటే నువ్వు అటు, నేను ఇటు ఏడ్చుకునేసరికి వాళ్లిచ్చిన సమయం అయిపోతోంది. కాగితమైతే కనీసం నా మాట పూర్తిగా వింటావు.

ముందు అమ్మ సంగతి. పడిపోయిన ఎడమ చెయ్యి, ఎడమ కాలు అలాగే ఉన్నాయి. మాట ముద్దగా వస్తోంది కానీ నీ పేరు మాత్రం స్పష్టంగా పలుకుతోంది. "కాలేషా యాడ?" అంటుంది. "ఈడే మా, మనలిలో డ్యూటీలో ఉండాడు, వానలకు కంపెనీలో పని జాస్తి" అంటున్నాను. నువ్వు జైల్లో ఉన్నావని ఆమెకు చెప్పలేదు, చెప్పను కూడా. నీళ్లు తాగించబోతే పళ్లు బిగపడుతుంది. చెంచాతో బతిమాలి పోయాలి. చిన్నప్పుడు నీకు మందు పోసినట్టే ఉంది.

అంగడి మామూలే. బూరుగు దూది ఏకి, పరుపు కుట్టి ఇవ్వాలంటే మీ బావకు రెండు రోజులు. పక్క అంగట్లో ఫోము పరుపుల్ని చాపల్లా చుట్టి అమ్మేస్తున్నారు. మన ఇంటి దుమ్ము మనమే తింటున్నాం.

మొన్న మీ కంపెనీ వాళ్లు పెట్టిన వకీలు నిరంజన్ వచ్చాడు. ఆ దుమ్ములోనే కూర్చుని మర్యాదగా మాట్లాడాడు. "ఒక్క మాట చాలమ్మా. వరద తాకిడికి వాల్వు విరిగిపోయి, ట్యాంకులోని వ్యర్థం దానంతట అదే ఏట్లో కలిసిందని మీ తమ్ముడు చెబితే కేసు నిలవదు. రంజాను పండక్కి ఇంట్లో ఉంటాడు" అన్నాడు. ఏట్లో రొయ్యలు పట్టుకునే ఏకాంబరం ఆ రోజు ప్రాణం పోగొట్టుకున్నాడు, నిజమే. పాపం అనకుండా ఎలా ఉంటాం? కానీ నువ్వు లోపల కుళ్లిపోతే అతను లేచి రాడు కదా. వకీలు చెప్పినట్టు చెప్పు.

నమాజు మానొద్దు. నాయన పెన్న ఒడ్డున కూర్చోబెట్టి చెప్పేవాడు, గుర్తుందా? నీ గుమ్మం ముందు ఒక నది పారుతూ ఉండి, రోజుకు ఐదుసార్లు అందులో మునిగితే ఒంటి మీద మురికి మిగులుతుందా అని ప్రవక్త అడిగారట. ఐదు పూటల నమాజు ఆ నది లాంటిదట. జైలు గోడ ఎంత ఎత్తుదైనా ఆ నది నీ గుమ్మం ముందుకు వస్తుంది. మునుగు. శుభ్రంగా బయటికి రా.

నీ కోసం కళ్లు కాయలు కాచిన
ఖాసింబీ


పుళల్,
25 జనవరి 2025

అక్కకు సలాం, బావకు సలాం, అమ్మకు నా తరఫున ఒక ముద్దు.

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. ఇక్కడ ప్రతి ఉత్తరం చదివాకే ఇస్తారు. తెలుగు చదవగలిగిన వార్డరు సెలవులో ఉన్నాడట. అతను వచ్చేదాకా నీ మాటలు ఆఫీసులో కూర్చున్నాయి.

నమాజు మానలేదు. కానీ ముందు ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కునే వజూ నీళ్లతో చేయడం లేదు. గోడ మీద అరచేతులు కొట్టి, ఆ దుమ్ముతోనే ముఖమూ చేతులూ తుడుచుకుంటున్నాను. నీళ్లు దొరకనప్పుడు చేయమని నాయన నేర్పిన తయమ్ముమే. నీళ్లు లేక కాదు. కుళాయి దగ్గర నాకూ వంతు వస్తుంది. దోసిట్లో పట్టగానే మా ట్యాంకు వాసన వస్తోంది. పక్కనున్నవాళ్లను అడిగితే ఏ వాసనా లేదంటారు. నా దోసిట్లోనే వస్తోంది.

జరిగింది జరిగినట్టు నీకు చెప్పాలి. మా కంపెనీలో ఒక పద్ధతి ఉంది. వ్యర్థాన్ని శుభ్రం చేసి వదలాలంటే ఖర్చు, అందుకని పెద్ద వాన కోసం కాచుకుంటారు. వాన పడితే కాలవ పొంగుతుంది, అందులో ఏది కలిసినా కనబడదు. మేనేజరు ఫోన్ చేస్తాడు, నేను వాల్వు తిప్పుతాను. ఆ కాలవ వెళ్లి కొసస్తలై ఏట్లో పడుతుంది. అక్కడ మెడలోతు నీళ్లలో నిలబడి, చేత్తో తడిమి రొయ్యలు పట్టేవాళ్లు ఉంటారు. అందుకని తిప్పే ముందు కల్వర్టు మీదికి వెళ్లి ఎర్ర తువ్వాలు ఊపేవాణ్ని. వాళ్లు గట్టెక్కేవాళ్లు. అది కంపెనీ పద్ధతి కాదు, నాదీ వాళ్లదీ. ఏకాంబరం అయితే గట్టెక్కి నాకు చెయ్యి ఊపేవాడు. ఇక తిప్పుకో అన్నట్టు.

ఆ సాయంత్రం వాన దంచి కొడుతోంది. మేనేజరు తొందరపెట్టాడు. ఈ వానలో నీళ్లలో ఎవరుంటారులే అనుకున్నాను. కల్వర్టు దాకా వెళ్లలేదు. వాల్వు తిప్పాను. అంతే అక్కా, నేను చేసింది. అతని కళ్లు కాలిపోయాయి, గట్టు ఎటుందో తెలియలేదు. పట్టుకుని బయటికి లాగేసరికి ఊపిరి లేదు.

నిరంజన్ ఇచ్చిన కాగితంలో వరద దైవచర్య అని రాసి ఉంది. అల్లాయే ఆ వాల్వు తిప్పాడని నేను సంతకం పెట్టాలి. గుమ్మం ముందు నది ఉందన్నావు. నన్ను నది కడుగుతుంది, సరే. ఆ నదిని ఎవరు కడగాలి?

కాలేషా


వాషర్‌మెన్‌పేట్,
6 ఫిబ్రవరి 2025

ఒరే తమ్ముడూ,

సలాం తర్వాత. ముందు తిట్లు.

ఇలాంటివి కాగితం మీద రాస్తారా? ఆ వార్డరు చదివి పైవాళ్లకు చెబితే నీ గతేంటి? నీకు చదువు చెప్పించింది నీ మెడకు నువ్వే ఉరి రాసుకోవడానికా? ఉత్తరాన్ని పొయ్యిలో పెట్టాను. మీ బావకు కూడా చూపించలేదు.

రెండోది. ఎదురుగా కుళాయి పారుతుంటే తయమ్ముం చెల్లదు. ఇన్నాళ్లూ నువ్వు చేసిన నమాజులన్నీ గాలికి పోయాయి. నాయన ఉంటే వీపు విమానం మోత మోగించేవాడు. పారే నీటికి రంగు, రుచి, వాసన మారనంతవరకూ అది శుద్ధమే అని ఆయన మనకు నేర్పలేదా? నీ చేతికి వచ్చే వాసన నీ మనసుది. నీళ్లకు ఆ పాపం అంటగట్టకు.

నువ్వు జీతగాడివి. తిప్పమన్నారు, తిప్పావు. నువ్వు తిప్పకపోతే ఇంకొకడు తిప్పేవాడు, వాడైతే ఏనాడూ తువ్వాలు కూడా ఊపేవాడు కాదు. ఇన్నేళ్లు ఊపావే, అది ఎవరూ లెక్కలోకి తీసుకోరేం? అల్లా ముందు తప్పు ఒప్పుకుని తౌబా చేసుకో. అల్లా దయకు ఒడ్డు లేదు. సంతకం పెట్టి ఇంటికి రా.

అమ్మ ఇప్పుడు పగలంతా గుమ్మం వైపే తిరిగి పడుకుంటోంది. అటు తిప్పినా మళ్లీ ఇటే తిరుగుతోంది. వీపు మీద పుండ్లు పడుతున్నాయి. మీ బావ కొత్త దూదితో మెత్తటి పరుపు కుట్టాడు. అంత మెత్తటిది ఏ షావుకారు కూతురి పెళ్లికీ కుట్టలేదు. అయినా ఆమెకు నిద్ర రావడం లేదు. నువ్వు వచ్చి పక్కన కూర్చుంటే తప్ప రాదు. ఇది నీకు అర్థం కావాలి.

కోపంతోనూ ప్రేమతోనూ
నీ అక్క


పుళల్,
20 ఫిబ్రవరి 2025

అక్కకు,

పొయ్యిలో పెట్టినందుకు ఏమీ అనుకోలేదు. రాసేటప్పుడే కాస్త బరువు దిగింది, అది చాలు.

శుక్రవారాల్లో నమాజు చేయించడానికి ఇక్కడికి ఒక హజ్రత్ వస్తారు. ముసలాయన, ఆంబూరు వైపు మనిషి. నా తయమ్ముం సంగతి చెబితే నువ్వన్నదే అన్నారు. నమాజులన్నీ మళ్లీ చేయమన్నారు. నేను గుమ్మం ముందు నది మాట ఎత్తి, అందులో ఇది కూడా పోతుందా అని అడిగాను. ఆయన తమిళంలోనే నెమ్మదిగా చెప్పారు. నీకూ అల్లాకూ మధ్య ఉన్న మురికిని ఆ నది తీసుకుపోతుంది. నువ్వు ఒక మనిషికి చేసిన అన్యాయాన్ని తీసుకుపోదు. దాన్ని ఆ మనిషే వదలాలి. వదలకపోతే తీర్పు రోజున నీ నమాజులు తీసి ఆ మనిషికి ఇస్తారు అన్నారు.

నాయన మనకు నది గురించి అంత చెప్పి ఈ సంగతి ఎందుకు చెప్పలేదో! బహుశా చెప్పే ఉంటాడు. నేనే ఇసకలో ఆడుకుంటూ వినలేదేమో.

అందుకని నాకొక సాయం చెయ్యి. ఏకాంబరం భార్య పేరు చెంగమ్మ. ఎన్నూరు దగ్గర, ఏటి ఒడ్డున జాలర్ల కుప్పంలో ఉంటుంది. వాళ్లూ పులికాట్ వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లే, నీకు మాట కష్టం కాదు. నా బదులు నువ్వు వెళ్లి అడుగు. నేను తువ్వాలు ఊపకుండా వాల్వు తిప్పానని చెప్పే అడుగు. దాచి అడిగితే అది మాఫీ కాదు. ఆమె వదిలేస్తే నా గుండె కుదుటపడుతుంది. అప్పుడు నువ్వు ఏం చెబితే అది వింటాను. మాటిస్తున్నాను.

అమ్మ వీపుకు కొబ్బరినూనె రాయండి.

కాలేషా


వాషర్‌మెన్‌పేట్,
5 మార్చి 2025

తమ్ముడికి రంజాను నెల సలాం.

ఉపవాసంతోనే వెళ్లాను. బస్సు మనలి దాటాక కిటికీ మూసుకున్నాను. ఆ గాలి కళ్లలోకి వస్తోంది, నువ్వు ఇన్నేళ్లు అక్కడ ఎలా పని చేశావో! ఎన్నూరులో దిగి ఆటో మాట్లాడుకున్నాను. కుప్పం దగ్గర ఏటిని చూశాను. చెప్పనా, వద్దా? చెబుతాను. ఒడ్డున బురద నల్లగా, మెరుస్తూ ఉంది. పడవల పొట్టలకు వేలెడు మందాన జిడ్డు. పెన్న ఎండిపోతే ఇసకైనా మిగులుతుంది, ఇది నీళ్లుండీ ఎండిపోయినట్టుంది. అయినా ఆ నీళ్లలో ఇద్దరు ఆడవాళ్లు మెడలోతున నిలబడి రొయ్యల కోసం తడుముతున్నారు. గట్టు మీద నిలబడలేక కుప్పంలోకి నడిచాను.

చెంగమ్మ ఇల్లు చివర్లో ఉంది. రేకుల ఇల్లు, నీలం తలుపు. నీ గురించి అంతా చెప్పాను, నువ్వు కోరినట్టే, తువ్వాలు సంగతితో సహా. ఆమె విన్నది. "పోనీలే అక్కా, ఆయన మాత్రం ఏం జేస్తాడు. పైవోళ్లు జెప్పింది జేశాడు. నేను మాఫీ జేసినా అని జెప్పు" అంది. మంచి మనిషి. నన్ను కూర్చోబెట్టి మాట్లాడింది.

నీకు కావలసింది దొరికింది కదా. ఇక నువ్విచ్చిన మాట నిలబెట్టుకో. సంతకం పెట్టు. నీళ్లతో వజూ చెయ్యి. ఇఫ్తారులో గంజి తాగుతున్నప్పుడల్లా నీకు అక్కడ ఏం పెడుతున్నారో అని మనసు పీకుతోంది.

అక్క


పుళల్,
19 మార్చి 2025

నా బంగారు అక్కకు,

నీ ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. మాఫీ జేసినా అని జెప్పు! ఆ ఒక్క మాటా బట్టీ పట్టాను.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర నా వంతు వచ్చింది. నీళ్లు పట్టాను. వాసన లేదు. ఉత్త నీళ్లు. ముఖం కడుక్కున్నాను, మోచేతుల దాకా కడుక్కున్నాను, కాళ్లు కడుక్కున్నాను. వెనకున్నవాళ్లు గొణుగుతున్నారు, త్వరగా కానీ అని. నాకు కదలబుద్ధి కాలేదు. పారే నది ఒడ్డున కూర్చుని వజూ చేసినా ఒక్క చుక్క ఎక్కువ వాడకూడదని నాయన అనేవాడు. ఆ పూట కొంచెం ఎక్కువే వాడాను. ఆయన ఏమనుకున్నా సరే.

నిరంజన్ వచ్చి కాగితం ఇచ్చి వెళ్లాడు. విచారణ ఏప్రిల్ పదహారున. నీకు మాటిచ్చాను, మరిచిపోలేదు. కానీ ఒకటి అడుగుతాను, కోపగించుకోకు. చెంగమ్మ కోర్టుకు వస్తుందట. నన్ను అంత పెద్ద మనసుతో వదిలేసిన మనిషి ముందు నిలబడి, నీ మొగుణ్ని దేవుడు చంపాడమ్మా అని ఎలా చెప్పను? ఆమె తిట్టి ఉంటే చెప్పగలిగేవాణ్నేమో. మన్నించాక చెప్పలేకపోతున్నాను. ఆలోచిస్తున్నాను.

ఈ రంజానులో నాకు దొరికిన వరం నువ్వే.

కాలేషా


వాషర్‌మెన్‌పేట్,
2 ఏప్రిల్ 2025

కాలేషా,

పండగ రోజు సేమియా వండి ఎవరమూ తినలేదు. అమ్మ నిన్నటి నుంచి గంజి కూడా మింగడం లేదు. డాక్టరు చూసి, ఇంట్లోనే ఉంచుకోండి అన్నాడు. ఆ మాటకు అర్థం నీకు తెలుసు.

పిచ్చి ఆలోచనలు పెట్టుకోకు. చెంగమ్మ ఏమనుకుంటే నీకేం? ఆమెకు నువ్వు బాకీ లేవు. అమ్మకు బాకీ ఉన్నావు. ఆమె కళ్లు మూసేలోగా నువ్వు ఈ గుమ్మంలోకి రావాలి. కోర్టులో ఎవరి వైపూ చూడకు. తల వంచుకుని కాగితంలో ఉన్నది చదువు, వచ్చేయ్. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను.

అక్క


పుళల్,
18 ఏప్రిల్ 2025

అక్కకు సలాం.

నువ్వు రెండో తేదీన రాసిన ఉత్తరం నిన్న నా చేతికి ఇచ్చారు. విచారణ అయిపోయిన మర్నాడు. ముందే వచ్చినా నేను చేసేది మారేది కాదేమో, తెలియదు.

జడ్జిగారు అడిగారు. నిరంజన్ నా వైపు చూశాడు. నేను కాగితం చదవలేదు. వాల్వు విరగలేదండీ, నేనే తిప్పాను అన్నాను. ఎవరు ఫోన్ చేశారో చెప్పాను. ప్రతి పెద్ద వానకూ అదే పద్ధతి అని చెప్పాను. కల్వర్టు మీదికి వెళ్లకపోవడం మాత్రం ఎవరి ఆజ్ఞా కాదు, నాదే అన్నాను. నిరంజన్ ఫైలు మూసేశాడు. అంతా రాసుకున్నారు. మేనేజరును పిలిపిస్తారట. నేను ఇక్కడే ఉంటాను, ఎన్నేళ్లో ఇంకా తెలియదు.

అంతా చెప్పాక నా ఒళ్లు తేలికైంది. వెనక వరసలో చెంగమ్మ కూర్చుని ఉంది. ఆమె వైపు తిరిగి చేతులు జోడించాను. నువ్వు మాఫీ చేయబట్టే నాకీ ధైర్యం వచ్చింది తల్లీ అన్నాను.

ఆమె లేచి నిలబడింది.

"ఎవురయ్యా మాఫీ జేసింది? మీ యక్క వొచ్చి గడప కాడ నిలబడింది. నేను తలుపే తియ్యలే. లోపల్నుంచే పొమ్మన్నా. మాఫీ జెయ్యను నేనెవుర్ని? ఆ నీళ్లలో నిలబడింది నేనా? కళ్లు గాలింది నాకా? పొయినోడు వొచ్చి జెప్పాల" అంది.

గట్టిగా కూడా అనలేదు. జడ్జిగారు కూర్చోమన్నారు, కూర్చుంది. నన్ను బయటికి తెచ్చేశారు. వ్యానులో కూర్చున్నాక చేతులు వాసన చూసుకున్నాను. మళ్లీ అదే వాసన.

నీ మీద కోపం లేదని రాస్తే అబద్ధం. ఆ రాత్రంతా కోపంగానే ఉంది. కానీ ఒకటి చూడు. నేను నోరు మూసుకోవాలని నువ్వు ఆ మాట కల్పించావు, ఆ మాటే నా నోరు తెరిపించింది. చెంగమ్మ తలుపు తియ్యలేదని నువ్వు నిజం రాసి ఉంటే, నేను భయంతో కాగితం చదివేసేవాణ్ని. ఇప్పుడు అమ్మ పక్కన కూర్చుని ఉండేవాణ్ని. అందుకని నీకు దండం పెట్టాలో, నిన్ను తిట్టాలో తెలియడం లేదు.

వాసన వచ్చినా ఇప్పుడు నీళ్లతోనే వజూ చేస్తున్నాను. చేసే ప్రతి నమాజూ ఏకాంబరానికే పోతుంది. పోనీ. తీర్పు రోజున దాహంతో అందరూ ప్రవక్త గారి కౌసర్ కొలను ఒడ్డుకు వస్తారని నాయన చెప్పేవాడు కదా. ఒక్క గుక్క తాగితే మళ్లీ దాహం ఉండదని. నేనూ వస్తాను. గట్టు మీద ఏకాంబరం నిలబడి ఉంటాడు. అతను చెయ్యి ఊపితేనే నేను నీళ్లలో దిగేది.

చెంగమ్మ ఇంటికి మళ్లీ వెళ్లొద్దు. అమ్మకు ఇక నిజం చెప్పెయ్యి. నేను రావడం లేదని, ఎందుకు రావడం లేదో కూడా చెప్పు. ఆమె అర్థం చేసుకుంటుంది.

కాలేషా


వాషర్‌మెన్‌పేట్,
27 ఏప్రిల్ 2025

తమ్ముడూ,

అమ్మకు చెప్పమని రాశావు. అంటే నీకు ఎవరూ చెప్పలేదన్న మాట. జైలుకు రెండుసార్లు ఫోన్ చేశాను. తమిళంలో చెప్పాను, తెలుగులో చెప్పాను. సరి, సొల్రోం అన్నారు, చెబుతామని.

పదహారో తేదీ సాయంత్రం అమ్మ పోయింది. నిన్ను చివరి చూపుకు తీసుకురావడానికి కోర్టులో అడిగేవాడు లేకపోయాడు. నిరంజన్ ఫోన్ ఎత్తలేదు. మర్నాడు మట్టి చేశాం. గుసుల్ స్నానం నేనే చేయించాను. నీళ్లు పోస్తుంటే వీపు మీది పుండ్లకు నొప్పి పుడుతుందేమో అని చెయ్యి ఆగిపోయింది. పక్కనున్నావిడ, "ఇంకేం నొప్పి, పొయ్యి" అంది.

నువ్వు అన్నవన్నీ నిజాలే, నేను వాదించను. నీలం తలుపు తెరుచుకోలేదు. నీ సంగతంతా ఆ మూసిన తలుపుకే చెప్పి వచ్చాను. నిన్ను ఇంటికి తెచ్చుకోవాలన్నదొక్కటే నా బుద్ధిలో ఉంది. అందుకు ఇంకో పది అబద్ధాలైనా ఆడేదాన్ని.

ఇంకొకటి ఆడాను కూడా. ఆ మధ్యాహ్నమే కోర్టులో జరిగింది మీ బావకు ఎవరో ఫోన్ చేసి చెప్పారు. నువ్వు ఇక రావని తెలిసిపోయింది. అప్పుడే అమ్మ కళ్లు తెరిచి గుమ్మం వైపు చూసి, "కాలేషా?" అంది. చెంచాలో నీళ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నాను. ఆమె నోరు తెరవడం లేదు. "వొస్తా ఉండాడు మా, జైలు గేటు దాటేశాడు" అన్నాను. తొందరలో జైలు అన్న మాట నోట్లోంచి వచ్చేసింది. ఆమెకు ఏమీ ఆశ్చర్యం కలగలేదు కాలేషా. మొదటి నుంచీ ఆమెకు తెలుసు. మేము దాస్తున్నాం కదా అని దాచనిచ్చింది. "దాటేశాడా?" అంది. "దాటేశాడు" అన్నాను. ఆ మాట నమ్మి నోరు తెరిచి నీళ్లు మింగింది. ఆ నీళ్లతోనే, గుమ్మం వైపు చూస్తూనే పోయింది.

హజ్రత్ గారు చెప్పిన మాట నాకూ వర్తిస్తుంది కదా. మనిషికి చేసింది ఆ మనిషే వదలాలి. ఈసారి ఆయన వచ్చినప్పుడు నా పేరు చెప్పి అడుగు, చివరి గుక్క అబద్ధంతో తాగించినదానికి ఎవరిని మాఫీ అడగాలి అని. ఆయన ఏమీ చెప్పకుండా ఊరుకుంటే, అదే రాయి. కల్పించి మాత్రం రాయకు.

ఖాసింబీ